ఇల్లు ఖాళీ చేస్తే జబ్బు పోదు

లాలాపేట్, తార్నాక, హబ్సిగూడ వీధుల్లో పాత ఇళ్లు ఒకదాని తర్వాత ఒకటి డెవలప్‌మెంటుకు వెళ్తున్నాయి. రైల్వేలోనో ఉస్మానియా యూనివర్సిటీలోనో పరిశోధనశాలల్లోనో ఉద్యోగం చేసి, అప్పు చేసి కట్టుకున్న ఇళ్లవి. బిల్డరు చేతికి తాళాలు ఇచ్చేలోగా ముప్పై నలభై ఏళ్ల సామాను తెమలాలి. చాలా ఇళ్లలో ఇది ఒళ్లు హూనం చేసే పని, అంతే. కొన్ని ఇళ్లలో మాత్రం పని మొదలే కాదు. మంచం దాకా వెళ్లే దారి మూసుకుపోయి ఉంటుంది, వంటింటి గట్టు మీద గిన్నె దించే చోటుండదు, సజ్జల మీద పట్టని సంచులు గోడల పొడుగునా నడుమెత్తు లేచి ఉంటాయి. వాటిలో ఒక్క సంచీ గడప దాటబోయినా ఇంటి పెద్దాయనో పెద్దావిడో వణికిపోతారు, అడ్డం పడతారు. అప్పుడు చుట్టాలు, ఇరుగుపొరుగు, అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చిన పిల్లలు అందరూ ఒకే సలహా దగ్గర కలుస్తారు: “నాలుగు రోజులు పిన్ని వాళ్లింటికి పంపించండి, ఈలోగా కబాడీవాణ్ణి పిలిచి అంతా ఎత్తించేద్దాం. వచ్చాక రెండు రోజులు ఏడుస్తారు, తర్వాత వాళ్లకే హాయిగా ఉంటుంది.” మంచి మనసుతోనే ఇస్తారు ఈ సలహా. కానీ ఇది తప్పు సలహా, ఆ మనిషికి హాని చేసే సలహా. అసలు కష్టం ఎక్కడుందో చూడకుండా ఇచ్చేది.

బద్ధకమని ఒకరంటారు, పిసినారితనమని ఇంకొకరు, ముసలితనపు చాదస్తమని వేరొకరు. పేరు ఏది పెట్టినా లెక్క ఒకటే: కష్టం ఆ కుప్పలో ఉంది, కుప్ప పోతే కష్టం పోతుంది. వైద్యం ఇందుకు సరిగ్గా ఎదురు చెబుతోంది. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5లో హోర్డింగ్ డిజార్డర్‌ను మొదటిసారి విడి జబ్బుగా చేర్చింది. అంతకుముందు దాన్ని ఓసీడీ అనే, అదుపులేని ఆలోచనల, చేతల జబ్బుకు తోకగా చూసేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో అమల్లోకి వచ్చిన తన రోగాల వర్గీకరణ ఐసీడీ-11లో దానికి విడి స్థానం ఇచ్చింది. డీఎస్ఎం చెప్పే లక్షణాల్లో మొదటిది ఇంటి గురించి కాదు, చెత్త గురించి కాదు. వస్తువుకు నిజంగా విలువ ఉన్నా లేకపోయినా దాన్ని వదులుకోవడం ఎంతకీ సాధ్యం కాకపోవడం, అదీ మొదటి గుర్తు. దాచి తీరాలన్న తహతహ, వదిలే క్షణంలో కలిగే వేదన దాని వెంటనే వస్తాయి. గదులు నిండిపోవడం ఆ తర్వాతి మాట. అక్కడ కూడా ఒక నియమం పెట్టారు: గదులు ఖాళీగానే కనిపిస్తున్నా, ఆ ఖాళీ ఇంట్లోవాళ్లో పనివాళ్లో అధికారులో చేసిందైతే జబ్బు ఉన్నట్టే లెక్క. ఇంటిని ఎవరో ఊడ్చినంత మాత్రాన మనిషి నయమైనట్టు కాదని రోగనిర్ధారణలోనే రాసి పెట్టారన్నమాట. కబాడీ బండి సలహాకు ఇంతకన్నా సూటి జవాబు ఉండదు. అయినా ఆ సలహా ఇన్ని ఇళ్లలో చెల్లుబాటు అవుతోంది కాబట్టి దాని కింద ఉన్న నమ్మకాలను ఒక్కొక్కటిగా కదిలించి చూడాలి.

బద్ధకస్తుడికి తన పని ఇంకొకరు చేసిపెడితే సంతోషం. ఇక్కడ జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. సాయానికి వచ్చినవాళ్ల చేతుల్లోంచి సంచులు వెనక్కి లాక్కుంటారు, రాత్రంతా మేలుకొని ఒకే పెట్టెను విప్పి మళ్లీ అలాగే కడతారు. శ్రమకు వెనకాడే మనిషి చేసే పనులు కావివి. 1996లో రాండీ ఫ్రాస్ట్, టమారా హార్టల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ చిక్కుముడికి ఒక వివరణ ఇచ్చారు: వస్తువులను రకాలుగా విడదీయడంలో, నిర్ణయం తీసుకోవడంలో ఇబ్బంది; వస్తువులతో పెనవేసుకున్న మమకారం; ఆ బాధను తప్పించుకోవడానికి నిర్ణయాన్నే వాయిదా వేయడం; వస్తువు పోతే ఏదో ఘోరం జరుగుతుందన్న నమ్మకం. 2012లో డేవిడ్ టోలిన్ బృందం దీన్ని మెదడు స్కానర్‌లో చూసింది. ఈ జబ్బున్నవారు 43 మంది, ఓసీడీ ఉన్నవారు 31 మంది, ఏ జబ్బూ లేనివారు 33 మంది. అందరూ తమ ఇంటి నుంచి పాత ఉత్తరాలు, పేపర్లు తెచ్చారు. ఒక్కో కాగితాన్ని చూపించి ఉంచాలో పారేయాలో అడిగారు, పారేయమన్నవాటిని నిజంగానే ముక్కలు చేశారు. తమవి కాని కాగితాలు చూపించినప్పుడు జబ్బున్నవారి మెదడులో కొన్ని ప్రాంతాలు మిగతావారి కన్నా మందకొడిగా ఉన్నాయి. తమ కాగితం కనబడగానే అవే ప్రాంతాలు మితిమీరి చెలరేగాయి. ఏది ముఖ్యం, పొరపాటు చేస్తే ఎంత ముప్పు అని తూచే ప్రాంతాలవి. ఎవరికో వచ్చిన కరపత్రాన్ని వదిలేయగలిగిన మనిషి తనకు వచ్చిన కరపత్రం దగ్గర ప్రమాదం ముందు నిలబడ్డట్టు నిలబడుతున్నాడు. ప్రతి కాగితం దగ్గరా అంత పోరాటం చేసిన మనిషి సాయంత్రానికి గదిలో ఒక మూల కూడా తెమల్చలేకపోతే దాన్ని బద్ధకం అనడం అన్యాయం.

పిసినారితనం అనేవారికి మన ఊరే ఒక పెద్ద కథ ఇచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీకి పేరిచ్చిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా కనిపించారు. ఆయన పాత టోపీ, చవక సిగరెట్లు, కింగ్ కోఠిలో బంగారంతో నిండి తోటలో దిగబడిన లారీలు, ఎలుకలు కొట్టిన నోట్ల కట్టలు, ఇవన్నీ 1975లో వచ్చిన ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్ అనే పుస్తకం ద్వారా లోకమంతా పాకాయి. హైదరాబాదులో ఏ ఇంట్లో సామాను పేరుకున్నా ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుతారు. చనిపోయిన మనిషికి పుకార్ల మీద రోగనిర్ధారణ చేయడం తగదు, ఆ పని నేను చేయను. కానీ ఈ పోలికే తప్పని చెప్పడానికి ఆ కథే చాలు. పిసినారి దాచేది డబ్బు, బంగారం, లోకమంతా విలువ ఒప్పుకునే వస్తువు. దాచినందుకు అతనికి తృప్తి, ఆదా. హోర్డింగ్ డిజార్డర్ ఉన్న మనిషి దాచేది మూత లేని డబ్బా, మడత పెట్టిన క్యారీ బ్యాగులు, ఎప్పటివో దినపత్రికలు. వాటికోసం ఆ మనిషి డబ్బు పోగొట్టుకుంటాడు: ఉన్న కత్తెర దొరక్క ఇంకో కత్తెర కొంటాడు, కుప్ప కింద బిల్లు కనబడక జరిమానా కడతాడు, ఒక గది మొత్తం వాడుకోలేకపోతాడు. చాలామంది ఇవన్నీ ఎవరికైనా పనికొస్తాయని, ఎవరికో ఇవ్వాలనే దాస్తారు. పారేస్తే వృథా చేసిన పాపం చుట్టుకుంటుందని భయపడతారు. అందులో లోభం ఎక్కడుంది?

ముసలితనపు చాదస్తమన్న మాట కూడా వయసు లెక్క చూస్తే తేలిపోతుంది. లక్షణాలు సాధారణంగా 11 నుంచి 15 ఏళ్ల మధ్య తొంగిచూస్తాయి, దశాబ్దాలు గడిచేకొద్దీ ముదురుతూ వస్తాయి, ఇల్లు నిండి బయటపడేసరికి యాభై అరవై ఏళ్లొస్తాయి. కరువు చూసిన తరం గనక దాస్తారు అన్నది మరో వాదన. వినడానికి సబబుగా ఉంటుంది. కానీ పరిశోధనలో నిలబడలేదు: 2011లో లండన్‌లో చేసిన అధ్యయనంలో ఈ జబ్బుకూ చిన్ననాటి లేమికీ సంబంధం దొరకలేదు; సంబంధం దొరికింది జీవితంలో తిన్న గట్టి దెబ్బలతో. కవలల మీద చేసిన పరిశోధనలు వారసత్వం పాలు దాదాపు సగం ఉంటుందని చెబుతున్నాయి. కాబట్టి “ఆ కాలం మనుషులు అంతే” అని సరిపెట్టుకోవడంలో రెండు నష్టాలున్నాయి. పెద్దవాళ్ల బాధ బాధగా కనిపించదు. అదే ఇంట్లో స్కూలు సంచీలోంచి ఒక్క కాగితం తియ్యనివ్వని పదమూడేళ్ల పిల్లవాడి మీద ఎవరి చూపూ పడదు.

వదులుకోవడం ఎందుకంత కష్టమో తెలియాలంటే మన ఇళ్లలో వస్తువులు ఎలా ఉంటాయో చూడాలి. పెళ్లికి వచ్చిన స్టీలు బిందె మీద ఇచ్చినవారి పేరు, తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటాయి. ఆ బిందెకు చిల్లు పడ్డా ఇంటివాళ్లకు అది పాత స్టీలు కాదు, మేనత్త ఇచ్చిన గుర్తు. శుభలేఖ మీద వేంకటేశ్వరస్వామి, మూలల్లో పసుపు. దాన్ని చెత్తబుట్టలో వేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. పగిలిన దేవుడి పటాలను పారేయలేకే రావిచెట్టు మొదట్లో పెట్టి దండం పెట్టుకుని వస్తారు. కాలు తగిలితే కళ్లకద్దుకునే పుస్తకాన్ని కిలోల లెక్కన తూకానికి వేయాలంటే మామూలు మనిషికే మనసు ఒప్పదు. కాగితాల భయం వేరు, అది ఊరికే పుట్టింది కాదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే రోజు తెలంగాణలో జనం పెట్టెలు వెతుక్కుని కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. 2020లో ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ వచ్చాక రికార్డులో పేరు తప్పు పడ్డవాళ్లకు పాత పహాణీ నకలే దిక్కయింది. పింఛనుకొక కాగితం, రైల్వే పాసుకొక కాగితం, ఇంటి పన్నుకొక రసీదు. “ఎందుకైనా మంచిది” అనే మాట ఈ గడ్డ మీద అనుభవంతో పుట్టిన జాగ్రత్త. వస్తువు మనదైతే చాలు, దాని విలువ మన కళ్లకు పెరుగుతుందన్నది అందరిలో ఉన్న గుణమే. 1990లో కానమన్, నెట్ష్, థేలర్ అనే పరిశోధకులు జరిపిన ప్రయోగాల్లో చేతికి ఇచ్చిన మామూలు కాఫీ కప్పును అమ్మడానికి జనం అడిగిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్నదానికి రెట్టింపు దాకా పలికింది. కొద్దిసేపు చేతిలో ఉన్న కప్పుకే అంత. ఈ జబ్బున్నవారిలో కొత్తగా పుట్టిన దుర్గుణం ఏమీ లేదు. మనందరిలో మేనత్త బిందె దగ్గర ఆగిపోయే మమకారం వాళ్లలో ఆగదు. బిందెకూ, దాన్ని చుట్టి తెచ్చిన పేపరుకూ, ఆ పేపరు కట్టిన పురికొసకూ అంతే బలంతో అంటుకుంటుంది. ఏది ముఖ్యం, ఏది కాదు అని వడపోసే శక్తి దెబ్బతింది. వదలమని అడిగినప్పుడల్లా వాళ్లకు తగిలేది అంత లోతైన దెబ్బే.

ఈ వేదన ఎంతటిదో లోకం ఒకసారి కళ్లారా చూసింది, చూసి కూడా వింతగా చెప్పుకుంది. న్యూయార్క్‌లో హార్లెం ప్రాంతంలో కోల్యర్ సోదరుల ఇల్లు. 1947 మార్చి 21న పోలీసులు లోపలికి దూరేసరికి అన్న హోమర్ చనిపోయి ఉన్నాడు. తమ్ముడు లాంగ్లీ కోసం ఊరంతా వెతికారు. ఏప్రిల్ 8న అదే ఇంట్లో, అన్న పోయిన చోటికి కొన్ని అడుగుల దూరంలో, తాను పేర్చిన కట్టల కిందే శవం దొరికింది. ఇంట్లోంచి వంద టన్నులకు పైగా సామాను తీశారు. ఆ లెక్కనే అందరూ చెప్పుకుంటారు. దినపత్రికలు ఎందుకు దాచాడని బతికుండగా అడిగితే లాంగ్లీ ఇచ్చిన జవాబు ఎవరూ తలచుకోరు: అన్నకు చూపు పోయింది, ఎప్పటికైనా చూపు వస్తే ఇన్నాళ్లూ జరిగింది చదువుకోవాలి కదా అన్నాడు. ఆ పేపర్ల గుట్టలో ఒక్క కట్ట తీసి బయట పడేయడమంటే అన్నకు ఇక చూపు రాదని ఒప్పుకోవడం. ఆ ఒప్పుకోలు చెప్పించకుండా పేపర్లను మాత్రం ఎత్తించేయగలమా?

చాలామంది ఇక్కడ ఒక మాట అంటారు: “సరే, విలువైనవి ఉంచుకోమనండి, పనికిరానివి పారేయమనండి. అంత కష్టమా?” కష్టమే. అది ఎంత కష్టమో తార్నాకలోనే ఉన్న స్టేట్ ఆర్కైవ్స్‌ను అడిగితే తెలుస్తుంది. మొఘలుల నాటి నుంచి ఆసఫ్ జాహీల దాకా కోట్ల కాగితాలు అక్కడున్నాయి. వాటిని కాపాడటానికి ఒక సంస్థ, శిక్షణ పొందిన సిబ్బంది, జాబితాలు, అరలు, పద్ధతులు కావలసి వచ్చాయి. ఏ కాగితం ఉంచాలి, ఏది నాశనం చేయొచ్చు అని తేల్చడానికి కేంద్ర ప్రభుత్వం 1993లో పబ్లిక్ రికార్డ్స్ చట్టమే చేసుకుంది; ఆ చట్టం ప్రకారం పద్ధతి పాటించకుండా ఏ రికార్డునూ నాశనం చేయకూడదు. మూడో సాలార్ జంగ్ 1949లో పోయాక ఆయన మహల్ దివాన్ దేవిడీలో ఉన్న వస్తువులను ఏరి అమర్చడానికి జేమ్స్ కజిన్స్ వంటి కళావిమర్శకుణ్ణి రప్పించుకున్నారు. 1951 డిసెంబరులో గానీ మ్యూజియం తెరుచుకోలేదు. ఏరడం, వేరు చేయడం, వదలడం అంతటి నైపుణ్యం కోరే పని. ప్రభుత్వాలు చట్టాలు పెట్టుకుని, నిపుణులను పెట్టుకుని చేసే పనిని, సరిగ్గా ఆ పనిలోనే మెదడు సాయం చేయని ఒక మనిషి, పక్కన పిల్లలు గడియారం చూస్తూ నిలబడితే, ఒక ఆదివారం మధ్యాహ్నం ముగించాలని మనం అడుగుతున్నాం. చేయలేకపోతే మొండితనమంటున్నాం.

ఇక బలవంతంగా ఖాళీ చేయిస్తే ఏమవుతుంది? ఫ్రాస్ట్, గెయిల్ స్టెకెటీ 2010లో రాసిన స్టఫ్ అనే పుస్తకంలో మాసచుసెట్స్‌లోని ఒక చిన్న ఊరి ఆరోగ్య విభాగం సంగతి ఉంది. ఒక్క ఇంటిని ఖాళీ చేయించడానికి 16,000 డాలర్లు ఖర్చు పెట్టారు, రెండేళ్లు తిరక్కముందే ఆ ఇల్లు మళ్లీ నిండింది. నిండక ఏమవుతుంది? తీసుకుపోయింది సామాను; తెచ్చేదీ, వదలలేనిదీ అయిన మనసు అక్కడే ఉంది. పైగా ఇప్పుడు దానికి కొత్త కారణం దొరికింది. నేను కళ్లు మూస్తే నావి పోతాయి అన్న భయం ఇదివరకు వట్టి భయం, ఇప్పుడు జరిగిన సంగతి. ఆ తర్వాత ఆ మనిషి ఇల్లు వదిలి కదలరు. ఆసుపత్రికి రమ్మన్నా రారు, మనవరాలి పెళ్లికీ రారు. గది తాళం వేసుకుంటారు. సాయం చేస్తానన్న మాట ఎవరి నోట విన్నా అనుమానిస్తారు, నిజంగా సాయం చేయగల డాక్టరును కూడా. “రెండు రోజులు ఏడ్చి మర్చిపోతారు” అనేవారు ఆ ఏడుపు ఆగడాన్ని మర్చిపోవడంగా పొరపాటు పడుతున్నారు. నమ్మకం పోయిన మనిషి ఏడవడం మానేస్తాడు, అంతే. ఆ కుప్పల్లో నిజంగా విలువైనవి కలిసి ఉంటాయి కూడా: తాకట్టు విడిపించిన దస్తావేజు, పాత చీర మడతలో నోట్లు, పోయిన భర్త రాసిన ఉత్తరం. లారీలో పోసేవాళ్లకు అవి కనబడవు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. “ఇల్లంతా కాగితాలు, పక్కనే గ్యాస్ పొయ్యి, ఎలుకలు, తేళ్లు. కింద పడితే లేవదీయడానికి దారి లేదు. మనసు కుదుటపడేదాకా ఆగితే ప్రాణం పోతుంది.” ఈ భయం నిజం. మెల్‌బోర్న్ అగ్నిమాపక దళం పదేళ్ల లెక్కలు తీస్తే, ఇళ్ల అగ్నిప్రమాదాల్లో ఇలాంటి ఇళ్లవి పావు శాతం కూడా దాటలేదు. నివారించదగ్గ చావుల్లో మాత్రం వాటి వాటా 24 శాతం. కానీ ఈ లెక్క కోరేది ఏమిటి? తప్పించుకునే దారి, పొయ్యి చుట్టూ ఖాళీ, స్విచ్‌బోర్డుల దగ్గర కాగితం లేకపోవడం, తలుపు పూర్తిగా తెరుచుకోవడం, మంచం దాకా నడవ. ఇది ఇల్లంతా ఊడ్చే పని కాదు, నాలుగైదు చోట్ల జాగా చేసే పని. ఆ పనికి ఆ మనిషిని ఒప్పించడం కూడా ఎంతో తేలిక, ఎందుకంటే అక్కడ అడిగేది పారేయమని కాదు, పక్కకు జరపమని. ప్రాణభయం ఉన్నచోట ముందు ప్రాణం కాపాడాలి, అందులో రెండో మాట లేదు. అగ్నిప్రమాదం పేరు చెప్పి దేవుడి గదిలోని శుభలేఖల దాకా ఎత్తుకుపోవడాన్ని మాత్రం ఆ భయం సమర్థించదు.

ఎదురువైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకొకటి. పొదుపుగా బతికిన మన పెద్దల అలవాటుకు విదేశీ జబ్బు పేరు తగిలిస్తున్నారని, కొని పారేసే సంస్కృతికి అలవాటుపడ్డవాళ్లకు దాచుకోవడం రోగంలా కనిపిస్తోందని. పొదుపును నేనూ గౌరవిస్తాను. పాత చీరలు బొంతలయ్యే ఇల్లు, చిరిగిన బట్టకు స్టీలు గిన్నె పుచ్చుకునే ఇల్లు రోగిష్టి ఇల్లు కాదు. తేడా తెలుసుకోవడం కష్టమూ కాదు. పొదుపరి ఇంట్లో పాత వస్తువుకు బయటికి పోయే దారులుంటాయి: బొంత, స్టీలు సామాన్లవాడు, పనిమనిషి, పాత పేపర్లవాడు, చివరికి భోగిమంట. వస్తువు తిరుగుతూ ఉంటుంది. జబ్బున్న ఇంట్లో ఆ దారులన్నీ మూసుకుపోతాయి, లోపలికి వచ్చింది లోపలే ఉంటుంది, గదిని గదిగా వాడుకోలేరు, ఎవరైనా వస్తారంటే సిగ్గుతో చచ్చిపోతారు. డీఎస్ఎం కూడా అడిగేది అదే, జీవితం దెబ్బతిన్నదా లేదా అని. భోగినే సాక్ష్యం తెచ్చి “పాతది తగలబెట్టమని మన పండగే చెబుతోంది” అనేవారూ ఉన్నారు. భోగికి ఎవరి పాత వస్తువు వాళ్లు తెచ్చి మంటలో వేస్తారు. కుర్రాళ్లు చెప్పకుండా ఎత్తుకుపోయిన మంచం గురించి ఇంటివాళ్లు ఏడాది పొడవునా తిడుతూనే ఉంటారు. చేతికిచ్చి వదలడానికీ, చేతిలోంచి లాక్కోవడానికీ తేడా మన పండగకూ తెలుసు.

“ఇదంతా బాగానే ఉంది, వైద్యం ఉందా?” అన్న ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పాలి. ఉంది, కానీ అద్భుతం కాదు. ఈ జబ్బు కోసమే తయారైన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో రోగి తానే వస్తువును చేతిలోకి తీసుకుని, రకాలుగా విడదీసి, ఉంచాలో వదలాలో తేల్చుకుని, వదిలాక వచ్చే బాధను పారిపోకుండా భరించడం నేర్చుకుంటాడు. ఒక అధ్యయనంలో అది 26 సిట్టింగులు సాగింది. చాలామందికి మెరుగవుతుంది, పూర్తిగా బయటపడేవారు తక్కువ. మందుల్లో ఇంతవరకు ఈ జబ్బుకే ఖరారైనది లేదు. ఆశ కలిగించే సంగతి 2018లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చింది: ఈ కష్టం స్వయంగా పడ్డవారు నడిపిన బృందాలు, నిపుణులు నడిపిన బృందాలకు ఫలితాల్లో తీసిపోలేదు. మన దగ్గర ఈ ఫలితం విలువ ఇంకా ఎక్కువ, ఎందుకంటే నిపుణులు తక్కువ. అంతర్జాతీయ అధ్యయనాలను కలిపి 2019లో వేసిన లెక్క ప్రకారం నూటికి రెండున్నర మందికి ఈ జబ్బుంది. 2015–16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, అందులో తెలుగు రాష్ట్రం ఒక్కటీ లేదు. వైద్యం నెమ్మదిగా పనిచేస్తుంది గనక బలవంతమే మేలు అనేవారు ఒకటి గమనించాలి: బలవంతం త్వరగా పనిచేస్తున్నట్టు కనిపించేది ఇంటి మీద, మనిషి మీద కాదు. పైగా 2018 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, మానసిక జబ్బున్న మనిషికి కూడా తన వైద్యం గురించి తాను నిర్ణయించుకునే శక్తి ఉందనే మొదట భావించమంటుంది. వైద్యం విషయంలోనే రోగి మాట వినాలని చట్టం అంటుంటే, బీరువా విషయంలో వినక్కర్లేదని ఏ న్యాయంతో అంటాం?

కాబట్టి తాళాలు ఇవ్వాల్సిన తేదీ దగ్గరపడిన ఇళ్లలో చేయాల్సింది ఇది. తేదీ జరపమని బిల్డరును అడగాలి. డెవలప్‌మెంట్ ఒప్పందాల్లో మార్పులు మామూలే, కుటుంబం దీనికి అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. తేల్చలేనివాటికి ఒక గది అద్దెకు తీసుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేయాలి, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వెళ్లడం పరువు తక్కువ అనుకోకూడదు. మమకారం తక్కువున్న రకంతో మొదలుపెట్టాలి, దేవుడి కాగితాలతో, పోయినవారి వస్తువులతో కాదు. చెయ్యి ఆ మనిషిదే అయి ఉండాలి. పక్కవాళ్లు అడగొచ్చు, పట్టుకోవచ్చు, సంచీ మోయొచ్చు, తేల్చకూడదు. ఇక ఈ వీధులకు దగ్గరే ఉస్మానియా క్యాంపస్, అందులో మనస్తత్వ శాస్త్ర విభాగం. ప్రతి ఏడూ అక్కడి నుంచి చదువుకుని బయటికొచ్చే పిల్లలకు ఈ జబ్బును పాఠంలో ఒక పేరాగా కాక, క్యాంపస్ చుట్టూ ఉన్న వీధుల్లో వారానికోసారి కూర్చునే ఒక తెలుగు బృందంగా నేర్పించవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ పని రోగులే నడపగలిగారు. దానికి కావలసింది ఒక హాలు, కొన్ని కుర్చీలు, నిపుణుల పర్యవేక్షణ. జీహెచ్ఎంసీ శానిటేషన్ సిబ్బందికి, అగ్నిమాపక సిబ్బందికి ఒక్కరోజు శిక్షణ ఇస్తే, ఇలాంటి ఇంటి తలుపు తట్టినప్పుడు నోటీసు కన్నా ముందు పొయ్యి చుట్టూ చోటు అడగడం వాళ్లకు అలవాటవుతుంది.